కెన్యా తీరంలో గ్రిడ్‌కి కలిపే సోలార్ ప్లాంటు పెట్టాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

సోలార్‌లో కొన్నేళ్లు పనిచేసి ఆఫ్రికా ప్రాజెక్టుల వైపు చూసే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, అక్కడ ఎండ ఎలా ఉంటుంది అని. ఎండకి ఢోకా లేదు. మలిందీ ఊరు భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దక్షిణాన ఉంది, ఏడాది పొడవునా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు. ప్రాజెక్టులు ఆగిపోయేది వేరే చోట: కరెంటు కొనేవాళ్లు తేలక, లైన్ రాక, భూమి కాగితాలు కోర్టులో పడి, ఊరు ఒప్పుకోక. అందుకే ఇక్కడ ప్యానెళ్ల సంగతి చాలా ఆలస్యంగా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

కెన్యా తీరాన్నే ఎందుకు తీసుకున్నానంటే, చూసి నేర్చుకోవడానికి అక్కడ నడుస్తున్న ప్లాంటు ఒకటి ఉంది. కిలిఫీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), మలిందీ నుంచి లోపలివైపు లాంగోబాయా అనే చోట గ్లోబెలెక్ సంస్థ ఒక భాగస్వామితో కలిసి కట్టిన ప్లాంటు 2021 డిసెంబర్‌లో గ్రిడ్‌కి కరెంటు అమ్మడం మొదలుపెట్టింది. గ్రిడ్ వైపు 40 మెగావాట్లు, ప్యానెళ్ల లెక్కన 52 మెగావాట్ పీక్, అంటే పూర్తి ఎండలో ప్యానెళ్లు ఇవ్వగల గరిష్ఠం. మన దగ్గరి అనుభవంతో దాన్ని చూస్తే ఒక తేడా వెంటనే తెలుస్తుంది. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017కల్లా నిలబడిందంటే భూమి, సబ్‌స్టేషన్లు, లోపలి రోడ్లు పార్కు వాళ్లే చూసుకుని డెవలపర్లని టెండర్‌లో పిలిచారు కాబట్టి. కెన్యాలో ఆ సగం పని కూడా మీ నెత్తినే ఉంటుంది, పైగా అదే కష్టమైన సగం.

ముందు కొనేవాళ్లు ఎవరో తేల్చుకోండి

దేశంలో గ్రిడ్ కరెంటు కొని ఇళ్లకీ ఫ్యాక్టరీలకీ అమ్మేది కెన్యా పవర్. 2008లో వచ్చి, 2012లో సవరించిన ఫీడ్-ఇన్ టారిఫ్ (ముందే ధర ప్రకటించి కొనే) విధానంలో 10 నుంచి 40 మెగావాట్ల సోలార్‌కి యూనిట్‌కి 12 అమెరికన్ సెంట్లు ఇస్తామన్నారు. కెన్యాలో మలిందీ ప్లాంటు, ఎల్డొరెట్ వైపున్న సెలెంకెయ్, సెడాటె ప్లాంట్లు అన్నీ 40 దగ్గరే ఆగిపోవడం చూసి జనం ఆశ్చర్యపోతారు గానీ, ఆ పరిమితి చూస్తే కారణం అర్థమవుతుంది. ఆ రేటు రోజులు అయిపోయాయి. 2021లో విధానం మార్చి సోలార్, విండ్‌లని వేలం పద్ధతిలోకి తెచ్చారు, అదే ఏడాది కరెంటు కొనుగోలు ఒప్పందాల (పీపీఏల) మీద అధ్యక్షుడు వేసిన టాస్క్‌ఫోర్స్ ధరలు తగ్గించాలని చెప్పింది, కొత్త పీపీఏలు చాలాకాలం కదల్లేదు. కాబట్టి పాత ప్లాంట్ల ధరలు చూసి ఎక్సెల్ షీట్ తయారు చేసుకోవద్దు. మీరు మొదలుపెట్టే రోజున ఏ విధానం నడుస్తోందో, మీ సైజు ప్లాంటు ఏ దారిలో వెళ్లాలో ఇంధన నియంత్రణ సంస్థ ఎప్రా దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాటగా 'అయిపోతుంది' అన్నది లెక్కలోకి రాదు.

రెండో దారి ఫ్యాక్టరీకో, పెద్ద హోటల్‌కో నేరుగా పెట్టడం. మొంబాసా నుంచి కిలిఫీ దాకా సిమెంట్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, రిసార్టులు ఉన్నాయి, పగటి లోడ్ బాగానే ఉంటుంది. మిగిలింది గ్రిడ్‌లోకి పంపే నెట్ మీటరింగ్‌కి 2024లో నియమాలు వచ్చాయి, కానీ 1 మెగావాట్ దాకానే. మొదటిసారి ఆ దేశంలో అడుగుపెడుతున్న చిన్న సంస్థ అయితే నేను ఈ దారే ముందు చూడమంటాను. అక్కడ రెండు మూడు చిన్న ప్లాంట్లు నడిపితే పోర్టు, పర్మిట్లు, మనుషులు అన్నీ తెలుస్తాయి, ఆ తర్వాత 40 మెగావాట్ల మాట ఎత్తొచ్చు.

పీపీఏ చేతికొస్తే ధర పేజీ కంటే ముందు ఒక క్లాజు చదవండి. ప్లాంటు సిద్ధంగా ఉండి, గ్రిడ్ తీసుకోలేకపోతే ఆ యూనిట్లకి డబ్బు ఇస్తారా లేదా? దీన్నే 'డీమ్డ్ ఎనర్జీ' అంటారు. కెన్యా ప్లాంట్ల పీపీఏలు మామూలుగా డాలర్లలో, 20 ఏళ్లకి ఉంటాయి. డాలర్ పెరిగితే ఆ భారం విదేశీ మారకం సర్దుబాటు పేరుతో జనం కరెంటు బిల్లులో విడి లైనుగా కనిపిస్తుంది, ప్రైవేటు ప్లాంట్ల మీద అక్కడ జనానికి కోపం రావడానికి అదొక పెద్ద కారణం. ఈ సంగతి తెలిసి మాట్లాడితే మీకు కొంచెం తక్కువ ధరకి, కానీ ఇరవై ఏళ్లు ఎవరూ తిరగదోడని ఒప్పందానికి ఒప్పుకోవడం ఎందుకు మంచిదో అర్థమవుతుంది.

మ్యాపులో ముందు సబ్‌స్టేషన్ వెతకండి, తర్వాత స్థలం

చాలామంది ఇది తిరగేసి చేస్తారు. చవగ్గా భూమి దొరికిందని తీసుకుని, తర్వాత లైన్ కోసం వెతుకుతారు. తీరంలో హై వోల్టేజ్ వెన్నెముక మొంబాసా పక్కన రబాయ్ సబ్‌స్టేషన్ నుంచి మలిందీ, గార్సెన్ మీదుగా లాము దాకా వెళ్లే 220 కేవీ లైన్. రబాయ్ నుంచి నైరోబీ వైపు వేరే లైన్లు ఉన్నాయి. ట్రాన్స్‌మిషన్ లైన్లు కట్టే ప్రభుత్వ సంస్థ కెట్రాకో. మీ సైట్ ఈ లైన్‌కి ఎంత దగ్గరైతే మీ ప్రాజెక్టు అంత ఆరోగ్యంగా ఉంటుంది.

వోల్టేజ్ ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. 40 మెగావాట్లని 33 కేవీ మీద పంపితే దాదాపు 700 ఆంపియర్లు, 132 కేవీలో 175, 220 కేవీలో 105. 33 కేవీ మీద అంత కరెంటుని పదుల కిలోమీటర్లు తీసుకెళ్లడం కుదరదు, నష్టాలు, వోల్టేజ్ సమస్యలు మిమ్మల్ని తినేస్తాయి. కాబట్టి 5, 10 మెగావాట్లయితే దగ్గరి 33 కేవీ బస్‌బార్ చూడండి, ఆపైన అయితే 132 లేదా 220.

కొత్త లైన్ వేయాలంటే దారి హక్కు కావాలి, అక్కడ దాన్ని వేలీవ్ అంటారు. 132 కేవీకి 30 మీటర్ల వెడల్పు, 220కి 40 మీటర్లు. 10 కిలోమీటర్ల 132 కేవీ లైన్ అంటే 30 హెక్టార్లు, 70 ఎకరాలు దాటింది, అది కూడా పదుల కొద్దీ కుటుంబాల పొలాల మీదుగా. ప్లాంటుకి ఒక్క భూస్వామితో మాట్లాడితే సరిపోవచ్చు, లైన్‌కి మాత్రం ఊళ్లకి ఊళ్లతో మాట్లాడాలి.

కెన్యాలో ఈ పాఠం అందరికీ తెలిసిందే. ఉత్తరాన తుర్కానా సరస్సు దగ్గర 365 టర్బైన్లతో 310 మెగావాట్ల విండ్ ప్లాంటు 2017లో సిద్ధమైంది. దాని కరెంటుని సుస్వా సబ్‌స్టేషన్ దాకా తీసుకెళ్లాల్సిన 400 కిలోమీటర్లు దాటిన లైన్ మాత్రం 2018 సెప్టెంబర్ దాకా రాలేదు, మధ్యలో లైన్ కాంట్రాక్టర్ స్పెయిన్ సంస్థ దివాలా తీసింది. గాలి వీస్తోంది, టర్బైన్లు నిలబడి ఉన్నాయి, కరెంటు రాలేదు, అయినా ప్రభుత్వం బిలియన్ల షిల్లింగులు కట్టాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత ఏ ప్రభుత్వమూ ఆ రిస్కు అంత తేలిగ్గా తన నెత్తిన వేసుకోదు. అంటే లైన్ మీరే కట్టి అప్పగించే ఏర్పాటుకి ముందే సిద్ధపడి ఉండండి.

సైట్ ఖరారు చేసే ముందు గ్రిడ్ స్టడీ, అంటే మీ ప్లాంటు కలిస్తే గ్రిడ్ తట్టుకుంటుందా అన్న లెక్క, తప్పనిసరి. లోడ్ ఫ్లో, షార్ట్ సర్క్యూట్, స్టెబిలిటీ మూడూ చేయించండి, అందులో పగలు లోడ్ తక్కువున్న ఆదివారం పరిస్థితి కూడా పెట్టించండి. కెన్యా మొత్తం పీక్ డిమాండ్ 2025లో 2300 మెగావాట్లు దాటింది, అది కూడా రాత్రి ఏడున్నర, తొమ్మిది మధ్య. అంటే మీ ప్లాంటు నిద్రపోయాక. పగలు ఓల్కారియాలో భూగర్భ వేడితో నడిచే జియోథర్మల్ ప్లాంట్లు స్థిరంగా నడుస్తుంటాయి, దానికి తోడు మీరు వస్తారు. మన రాష్ట్రంలో 40 మెగావాట్లు ఎవరికీ కనిపించవు, అక్కడ తీరం చివర ఒక పొడవాటి లైన్ మీద 40 మెగావాట్లు మేఘం వస్తే ఊగిపోవడం కంట్రోల్ రూమ్‌లో కనిపిస్తుంది. 2023 ఆగస్టు 25న దేశమంతా చీకటైన రోజు తర్వాత అక్కడి గ్రిడ్ ఇంజనీర్లు ఈ విషయంలో చాలా పట్టుగా ఉన్నారు, ఉండాలి కూడా. బ్యాటరీ ఇప్పుడే పెట్టకపోయినా లేఅవుట్‌లో దానికి చోటు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక బే ఖాళీగా ఉంచండి.

ఎండ లెక్క

ఎండ లెక్కలిచ్చే వెబ్‌సైట్లు గ్లోబల్ సోలార్ అట్లాస్, పీవీజీఐఎస్ రెండూ ఉచితం, రెండూ ఆఫ్రికాకి పనికొస్తాయి. మలిందీ చుట్టుపక్కల చదరపు మీటర్‌కి ఏడాదికి 2000 యూనిట్ల చుట్టూ ఎండ పడుతుంది. ఫిక్స్‌డ్ ప్యానెళ్లతో కిలోవాట్ పీక్‌కి 1600 యూనిట్లు అనుకుంటే, 50 మెగావాట్ పీక్‌కి ఏడాదికి 8 కోట్ల యూనిట్లు. ఇది మొదటి అంచనాకే. బ్యాంకు దగ్గరికి వెళ్లేటప్పుడు పీ50, పీ90 (దాటే అవకాశం 50 శాతం, 90 శాతం ఉన్న ఉత్పత్తి అంచనాలు) రెండూ అడుగుతారు, దానికి సైట్‌లో ఎండ కొలిచే పైరానోమీటర్ పెట్టి కనీసం ఏడాది కొలవండి. తీరంలో ఉదయం మేఘాలు ఉపగ్రహ డేటాలో సరిగ్గా దొరకకపోవచ్చు, కిలోమీటర్ల దూరంలోనే తేడా వస్తుంది.

వాలు విషయంలో లెక్క ప్రకారం 3 డిగ్రీలు చాలు, కానీ అంత చదునుగా పెడితే వాన నీళ్లు జారవు, దుమ్ము కింది అంచున పేరుకుంటుంది. 10 డిగ్రీల కంటే తగ్గించకండి. ఈ అక్షాంశంలో ప్యానెళ్లని సూర్యుడి వెంట తిప్పే సింగిల్ యాక్సిస్ ట్రాకర్లు బాగా పనిచేస్తాయి, కాకపోతే సముద్రానికి దగ్గరైతే వాటి మోటార్లు, బేరింగుల సంగతి కింద చెప్పిన ఉప్పు లెక్కతో కలిపి ఆలోచించాలి.

భూమి: ఇక్కడ తొందరపడితే అంతా పోతుంది

మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు అన్న మన లెక్క అక్కడా పనికొస్తుంది, 50 మెగావాట్ పీక్‌కి 250 ఎకరాలు పెట్టుకోండి.

2010 రాజ్యాంగం 65వ అధికరణం ప్రకారం విదేశీయులు భూమిని లీజుకే తీసుకోగలరు, అది కూడా 99 ఏళ్లకి మించకుండా. కంపెనీ పూర్తిగా కెన్యా పౌరులదైతేనే దాన్ని పౌరుడిగా లెక్కేస్తారు, అంటే ఒక్క శాతం వాటా మీదైనా మీరు విదేశీయులే. వ్యవసాయ భూమి అయితే ఇంకో ముడి ఉంది: ల్యాండ్ కంట్రోల్ చట్టం కింద వ్యవసాయ భూమిని విదేశీయుల చేతికి లీజుకివ్వడానికి కూడా బోర్డు మామూలుగా ఒప్పుకోదు. అందుకని భూమి వినియోగ మార్పు కౌంటీ దగ్గర ముందే చేయించి, తర్వాత లీజు నమోదు చేయించే క్రమం పాటించాలి. ఇది అక్కడి భూమి లాయర్ చేయాల్సిన పని, నైరోబీలో పెద్ద పేరున్న కార్పొరేట్ లాయర్ ఒక్కరే సరిపోరు, మొంబాసా లేదా మలిందీ కోర్టుల్లో రోజూ తిరిగే మనిషి ఒకరు కావాలి.

ఎందుకంటే తీరంలో భూమి కథ వేరు. సముద్రం ఒడ్డున పది మైళ్ల పట్టీ ఒకప్పుడు జాంజిబార్ సుల్తాన్ కింద ఉండేది. వలస పాలనలో పట్టాలు కొందరికి వెళ్లాయి, ఆ భూమి మీద తరతరాలుగా బతుకుతున్న మిజికెండా (తీరప్రాంత తెగల సముదాయం) కుటుంబాలకి కాగితం రాలేదు. ఈ రోజుకీ కిలిఫీలో పట్టాదారు ఎక్కడో ఉంటాడు, పొలంలో జీడిమామిడి, కొబ్బరి, మామిడి వేసుకుని ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్లు వేరే ఉంటారు. చట్టం వాళ్లని ఆక్రమణదారులంటుంది, ఊరు వాళ్లనే హక్కుదారులంటుంది. మీరు పట్టా చూసి సంతకం పెట్టి, కంచె వేయడానికి వెళ్లిన రోజున ఈ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి.

కాబట్టి టైటిల్ సెర్చ్ ఒక్కటే చేసి ఆగొద్దు. సర్వేయర్‌ని, ఊరి మనిషిని వెంటబెట్టుకుని సరిహద్దు మొత్తం నడవండి. ప్రతి ఇల్లు, ప్రతి బావి, ప్రతి చెట్టు, పశువులు నీళ్లకి వెళ్లే దారి, సమాధులు అన్నీ రాసుకోండి. తుర్కానా విండ్ ప్లాంటు భూమి పట్టాలు సక్రమంగా రాలేదని 2021లో మేరులోని భూమి కోర్టు చెప్పింది, అప్పటికి ప్లాంటు నడుస్తూ ఏళ్లయింది. కినాంగోప్‌లో 60 మెగావాట్ల విండ్ ప్రాజెక్టు భూమి గొడవలతోనే 2016లో పూర్తిగా మూతపడింది. పెద్ద పెద్ద వాళ్లకే తప్పలేదు.

ఉమ్మడి భూమి అయితే 2016 నాటి కమ్యూనిటీ ల్యాండ్ చట్టం వర్తిస్తుంది, సభ్యుల సమావేశంలో ఆమోదం కావాలి. మూడు నెలల్లో అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఊరితో మాట్లాడటం

గ్రామ సభని అక్కడ బరాజా అంటారు, చీఫ్ (ప్రభుత్వ స్థానిక అధికారి) పిలిస్తే జనం వస్తారు. స్వాహిలీలో, వీలైతే మిజికెండా తెగల్లో ఒకటైన గిరియామా వాళ్ల భాషలో మాట్లాడించండి. ఇంగ్లిష్ స్లైడ్లు పట్టుకెళ్లడం వల్ల ఎవరికీ ఏమీ అర్థం కాదు. భూమి ఎంతకాలం పోతుంది, చెట్టుకి ఎంత ఇస్తారు, ఉద్యోగాలు ఎన్ని, ఎన్ని నెలలకి, ప్లాంటు కట్టాక మా ఇంటికి కరెంటు వస్తుందా అన్న నాలుగు ప్రశ్నలూ వస్తాయి. చివరి దానికి నిజం చెప్పండి: ప్లాంటు కరెంటు గ్రిడ్‌కి వెళ్తుంది, ఇంటికి కనెక్షన్ ఇచ్చేది కెన్యా పవర్. పక్క ఊళ్లకి కనెక్షన్ ఖర్చు ప్రాజెక్టులో పెట్టగలిగితే పెట్టండి, పెట్టలేకపోతే ఆశ చూపించకండి. మన అనంతపురం, కర్నూలు ఊళ్లలో సోలార్‌కి భూములిచ్చిన రైతులతో ఒకసారి కూర్చుంటే ఈ ప్రశ్నలు ఎంత లోతైనవో తెలుస్తుంది.

సమాధుల విషయం ఇంకాస్త చెప్పాలి. గిరియామా వాళ్లు పెద్దల జ్ఞాపకార్థం చెక్కిన కొయ్య స్తంభాలు నిలబెడతారు, వాటిని విగాంగో అంటారు. మనిషి ఎత్తులో, పైన గుండ్రటి తల, ఒంటి మీద త్రిభుజాల చెక్కడంతో, పొదల మధ్య వాలిపోయి కనిపిస్తే తెలియనివాళ్లు పాత కంచె గుంజ అనుకుంటారు. అవి చనిపోయిన పెద్దల స్థానం, ఊరు మారినా వాటిని కదపరు. ఎన్నో విగాంగోలు దొంగతనంగా తరలిపోయి విదేశీ మ్యూజియాల్లో తేలాయి, కొన్నింటిని తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టింది, ఆ బాధ ఇంకా ఉంది. బుల్‌డోజర్ డ్రైవర్ ఒక్క స్తంభాన్ని పక్కకి నెట్టినా మీ ప్రాజెక్టుకి ఆ ఊళ్లో చోటు ఉండదు. సర్వేలోనే గుర్తించి, చుట్టూ స్థలం వదిలి, కుటుంబం వచ్చి పోవడానికి దారి ఉంచి లేఅవుట్ గీయండి. రెండు మూడు టేబుళ్లు (ప్యానెళ్లు బిగించే స్టాండ్లు) తగ్గుతాయి, అంతే. మిజికెండా పవిత్ర కాయా అడవులు 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి, గెడీ పాత పట్టణం 2024లో చేరింది. వాటి దగ్గర, అరబుకో-సొకోకే అడవి అంచున సైట్ ఆలోచనే పెట్టుకోవద్దు.

అనుమతులు

క్రమం ఇలా పెట్టుకోండి. పర్యావరణ సంస్థ నేమా దగ్గర ప్రభావ అంచనా నివేదిక, దాని లైసెన్స్. కౌంటీ దగ్గర వినియోగ మార్పు, నిర్మాణ అనుమతి. ఎప్రా దగ్గర 2019 ఇంధన చట్టం కింద ఉత్పత్తి లైసెన్స్. బోరు వేస్తే నీటి వనరుల అథారిటీ. విమానాశ్రయం దగ్గరైతే పౌర విమానయాన సంస్థ. కాంట్రాక్టర్‌కి జాతీయ నిర్మాణ అథారిటీ రిజిస్ట్రేషన్. ఇక్కడి నుంచి ఇంజనీర్లు వెళ్తే క్లాస్ డీ వర్క్ పర్మిట్, టూరిస్టుగా వచ్చినవాళ్లతో సైట్‌లో పని చేయించడం ఎవరికీ మంచిది కాదు.

ప్రజాభిప్రాయ సేకరణని మాత్రం ఫార్మాలిటీగా తీసుకోకండి. లాములో 1050 మెగావాట్ల బొగ్గు ప్లాంటుకి నేమా ఇచ్చిన లైసెన్స్‌ని జాతీయ పర్యావరణ ట్రిబ్యునల్ 2019 జూన్‌లో కొట్టేసింది, జనంతో సరిగ్గా సంప్రదించలేదన్నది ముఖ్య కారణం. సంతకాల జాబితా, మీటింగు ఫోటోలు, అడిగిన ప్రశ్న, ఇచ్చిన జవాబు తేదీలతో భద్రపరచండి.

ఉప్పుగాలి లెక్కలోకి తీసుకుని డిజైన్ చేయండి

అనంతపురం ఎండలో పదేళ్లు పనిచేసినవాళ్లకి కూడా ఇది కొత్తగా ఉంటుంది, విశాఖ, నెల్లూరు తీరంలో చేసినవాళ్లకి కొంత తెలుసు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వీచే కుసీ గాలి సముద్రం మీదుగా బలంగా వస్తుంది, దాంతోపాటు ఉప్పు వస్తుంది. ఒడ్డు నుంచి మొదటి రెండు మూడు కిలోమీటర్లలో ఉప్పు చాలా ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది. ఒడ్డుకి దూరంగా సైట్ తీసుకుంటే లైన్ ఖర్చు పెరగొచ్చు, తుప్పు ఖర్చు బాగా తగ్గుతుంది. నేనైతే ఎప్పుడూ లోపలికే మొగ్గు చూపుతాను.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే తీరంలో ఏదైనా పాత స్ట్రక్చర్ దగ్గర కూర్చుని చూడండి. చదునైన ఉక్కు ముఖం మీద జింకు పూత ఇంకా బూడిద రంగులో మెరుస్తూనే ఉంటుంది. సైట్‌లో డ్రిల్ చేసిన రంధ్రం అంచున, వాషర్ కింద, పర్లిన్ (ప్యానెళ్లని మోసే ఉక్కు పట్టీ) కోసిన చివరన మాత్రం ఎర్రటి గీత దిగి ఉంటుంది, గోరుతో గీకితే పొర ఊడి వస్తుంది. అంటే సమస్య పూత మందం ఒక్కటే కాదు, పూత వేశాక మనం చేసే రంధ్రాలు. కాబట్టి కాంట్రాక్టులో సైట్‌లో డ్రిల్లింగ్, కటింగ్ వద్దని రాయండి, రంధ్రాలన్నీ ఫ్యాక్టరీలోనే చేసి తర్వాత హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేయించండి. బోల్టులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్. అల్యూమినియం ఫ్రేమ్, ఉక్కు పర్లిన్ నేరుగా తాకే చోట ఉప్పునీటి తేమతో అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, మధ్యలో ఇన్సులేటింగ్ ప్యాడ్ పెట్టండి, ఎర్తింగ్ వేరుగా ఇవ్వండి. తుప్పు తరగతిని ఐఎస్ఓ 9223 ప్రకారం సైట్‌లో లోహపు ముక్కలు వేలాడదీసి ఏడాది కొలిచి తేల్చడం మంచిది. ఎండ కొలిచే ఏడాదే ఇది కూడా అయిపోతుంది, ఖర్చు చాలా తక్కువ.

ప్యానెళ్లకి ఐఈసీ 61701 ఉప్పు పరీక్ష సర్టిఫికెట్ అడగండి, మోడల్ నంబర్ మీరు కొంటున్నదేనా అని సరిచూడండి. వేడి, తేమ రెండూ ఉన్నచోట పీఐడీ (వోల్టేజ్ ఒత్తిడి వల్ల ప్యానెల్ శక్తి తగ్గిపోవడం) సమస్య ఎక్కువ, దానికీ పరీక్ష నివేదిక అడగండి. కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి, చూడ్డానికి ఒకేలా ఉన్న వేరే రకం కలిపితే సందులో తేమ చేరి ఒకరోజు కాలిపోతుంది. ఇన్వర్టర్లు, కాంబైనర్ బాక్సులు (ప్యానెళ్ల వరుసల కేబుళ్లు కలిసే పెట్టెలు) దుమ్ము, నీళ్లు లోపలికి రానివ్వని ఐపీ 65 రేటింగ్‌కి తగ్గకూడదు, బోర్డుల మీద పూత ఉందా అని అడగండి. బయటి గాలి పీల్చి చల్లబడే కంటైనర్ ఇన్వర్టర్ తీసుకుంటే ఫిల్టర్లు ఎన్నాళ్లకోసారి మార్చాలో, ఒక్కోటి ఎంతో కూడా ఇప్పుడే రాయించుకోండి.

పునాది గురించి: ఒడ్డు దగ్గర నేల కింద పగడపు సున్నపురాయి ఉంటుంది, కొంత లోపలికి వెళ్తే ఎర్ర ఇసుక. మొదటి దాంట్లో పైల్ దిగదు, ముందు డ్రిల్ చేయాలి. రెండో దాంట్లో సులభంగా దిగుతుంది, అంతే సులభంగా పైకి లాగితే వచ్చేస్తుంది. పుల్ అవుట్ టెస్టులు సైట్ నలుమూలలా చేయించకుండా ధర ఒప్పుకోకండి.

కడగడానికి నీళ్ల సంగతి చాలామంది చివర్లో ఆలోచిస్తారు. తీరపు బోర్లలో ఉప్పునీరే ఎక్కువ, ఆ నీళ్లతో కడిగితే ఆరాక అద్దం మీద తెల్లని మరకలు మిగులుతాయి. ఆర్వో ప్లాంటో, వాననీటి ట్యాంకులో, పొడి బ్రష్షులో ముందే తేల్చుకోండి. ఒక్క శాతం మురికి నష్టం అంటే పైన చెప్పిన ప్లాంటులో ఏడాదికి 8 లక్షల యూనిట్లు.

డబ్బు

మలిందీ ప్లాంటుకి 69 మిలియన్ డాలర్లు అయింది, అందులో 52 మిలియన్లు అప్పు. బ్రిటన్ ప్రభుత్వానికి చెందిన అప్పటి సీడీసీ, జర్మనీకి చెందిన డీఈజీ ఇచ్చాయి. అంటే నాలుగింట మూడొంతులు అప్పు. ఇప్పుడు ప్యానెళ్ల ధరలు బాగా పడిపోయాయి, మీ ఖర్చు అంత ఉండదు, కానీ అప్పు ఇచ్చేవాళ్లు అలాంటి సంస్థలే. వాళ్లు ప్రపంచ బ్యాంకు గ్రూపుకి చెందిన ఐఎఫ్‌సీ పర్యావరణ, సామాజిక ప్రమాణాలు పట్టుకుని కూర్చుంటారు, పైన భూమి, ఊరు, విగాంగో గురించి చెప్పినవన్నీ అక్కడ పేజీలు పేజీలుగా అడుగుతారు. ముందే చేసి ఉంటే నాలుగు నెలలు మిగులుతాయి, లేకపోతే ఊరికి మళ్లీ వెళ్లి మొదటి నుంచి మాట్లాడాలి.

కొనేది ఒకే సంస్థ కాబట్టి చెల్లింపు ఆలస్యమైతే ఏం చేస్తారన్నది రుణదాతల మొదటి ప్రశ్న. లెటర్ ఆఫ్ క్రెడిట్, ప్రభుత్వ మద్దతు లేఖ, రాజకీయ రిస్కు బీమా, ఈ మూడింటిలో ఏవి దొరుకుతాయో ముందే మాట్లాడుకోండి. అభివృద్ధి దశలో, అంటే అప్పు చేతికి రాకముందు, సర్వేలు, స్టడీలు, లాయర్లు, జీతాలు అన్నీ మీ జేబులోంచే. ఆ దశ కెన్యాలో ఏళ్ల తరబడి సాగుతుంది, అంత ఓర్చుకునే డబ్బు లేకపోతే స్థానిక భాగస్వామితో కలిసి మొదలుపెట్టండి.

కట్టడం

మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, తీరంలో మే నెలే అన్నిటికంటే తడి. మట్టిపని, ట్రెంచులు, రోడ్లు ఫిబ్రవరికల్లా అయిపోయేలా వెనక్కి లెక్కేసుకుని ఆర్డర్లు పెట్టండి. సామాను మొంబాసా పోర్టుకి వస్తుంది, అంటే సైట్ దగ్గరే, నైరోబీ ప్రాజెక్టులతో పోలిస్తే ఇది మీకు పెద్ద సౌకర్యం. ఓడ ఎక్కకముందే కెన్యా ప్రమాణాల సంస్థ కోరే పీవీఓసీ తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి, లేకుండా వచ్చిన కంటైనర్లు పోర్టులోనే అద్దె కడుతూ పడి ఉంటాయి. డీసీ వైపు రాగి బదులు అల్యూమినియం కేబుల్ ఎక్కడెక్కడ వాడొచ్చో చూడండి, దొంగతనం భయం తగ్గుతుంది.

కూలీలని చుట్టుపక్కల ఊళ్ల నుంచే తీసుకోండి, పేర్లు చీఫ్ ఆఫీసులో చీటీ తీసి ఎంపిక చేయండి. ఎవరి బంధువుకో ముందు ఇచ్చారన్న మాట ఒకసారి పుడితే ఆపడం కష్టం. పని ఎన్ని నెలలో మొదటి రోజే చెప్పండి. కట్టడానికి వందల మంది కావాలి, నడపడానికి పదుల్లోనే సరిపోతారు. ఈ తేడా చెప్పకుండా దాచితే ప్లాంటు ప్రారంభించే నెలలోనే గేటు ముందు గొడవ.

గ్రిడ్‌కి కలిపే రోజు, ఆ తర్వాతి ఏడాది

కలిపే ముందు ఐఈసీ 62446 ప్రకారం స్ట్రింగ్ (వరుసగా కలిపిన ప్యానెళ్ల) పరీక్షలు, ఇన్సులేషన్ రెసిస్టెన్స్ ఉదయాన్నే, ప్యానెళ్ల మీద తేమ ఉన్నప్పుడే కొలవండి, తీరంలో లోపాలు అప్పుడే బయటపడతాయి. మధ్యాహ్నం ఎండలో అన్నీ బాగానే చూపిస్తాయి. లోపం వస్తే ప్లాంటుని విడదీసే రిలేల సెట్టింగులు కెన్యా పవర్, కెట్రాకోలతో సంతకాలు చేయించుకోండి. స్కాడా (ప్లాంటుని దూరం నుంచి చూసే వ్యవస్థ) సిగ్నళ్లు జాతీయ కంట్రోల్ సెంటర్‌కి చేరుతున్నాయో లేదో పరీక్షించడానికి కనీసం నెల ముందే మొదలుపెట్టండి, అన్నీ సిద్ధమయ్యాక ఒక కమ్యూనికేషన్ లింకు కోసం ఆగిపోవడం చాలా ప్లాంట్లలో జరిగేదే. వోల్టేజ్ పడిపోయినప్పుడు ప్లాంటు వెంటనే విడిపోకుండా నిలబడాలి, వోల్టేజ్ నిలబెట్టే రియాక్టివ్ పవర్ అడిగినంత ఇవ్వాలి, ఈ రెండూ గ్రిడ్ కోడ్‌లో ఉన్నాయి. ఇన్వర్టర్ కంపెనీ ఇంజనీర్ సైట్‌లో ఉండగానే చూపించండి.

మొదటి కుసీ గాలి కాలం అయిపోగానే, అంటే అక్టోబర్‌లో, ప్రతి బ్లాకులో కొన్ని వరుసలు ఎంచి బోల్టుల టార్క్, కోసిన అంచులు, ఎర్త్ జాయింట్లు చూడండి. ఎర్రగీత కనిపించిన చోటల్లా ఫోటో తీసి కాంట్రాక్టర్‌కి పంపండి. లోపాల బాధ్యత కాలం మామూలుగా రెండేళ్లే ఉంటుంది, రెండో కుసీ కాలం పూర్తయ్యే దాకా అది ముగియకుండా, ఆపి ఉంచిన చివరి ఐదో పదో శాతం డబ్బు వదలకుండా ఒప్పందంలోనే రాసుకోండి.